తొలివాన లాగిన్

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను ఒప్పుకునే మాట కాదు, ఇంట్లోవాళ్లు అనే మాట. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి, నాలుగోసారి కూడా లాగుతాను. కూరలబండి దగ్గర తూకంరాయి అడుగు తిప్పి చూస్తాను. "నువ్వు పోలీసుల్లో చేరాల్సినదానివి, దారి తప్పి కంప్యూటర్లలో పడ్డావు" అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఉద్యోగమే నన్ను ఇలా చేసిందని నేనంటాను. ముప్పై ఏళ్లు ఒక పాత మెయిన్‌ఫ్రేమ్‌కి కాపలా కాశాను. నిన్న లోపలికి ఎవరు వచ్చారు, ఎవరి పేరుతో వచ్చారు, వచ్చి ఏం ముట్టుకున్నారు, రోజూ పొద్దున్నే ఇదే నా పని. ఆ పని చేసే మనిషికి అనుమానం లేకపోతే జీతం దండగ.

ఆ యంత్రం విశాఖపట్నంలో మా ఆఫీసు కింది అంతస్తులో ఉండేది. నల్ల తెర, పచ్చ అక్షరాలు. కొండల మీద ఎక్కడెక్కడ ఎంత వాన పడిందో రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆరు స్టేషన్ల నుంచి దానికి అంకెలు వచ్చేవి. జలాశయంలోకి ఎన్ని గంటల్లో ఎంత నీరు దిగుతుందో అది లెక్కగట్టి, గేట్ల గదిలో కాగితం అచ్చువేసేది. ఆ కాగితం చూసే గేట్లు ఎత్తేవాళ్లు. అందులో ప్రోగ్రాములు కోబాల్ భాషలో రాసినవి. రాసినవాళ్లలో కొందరు రిటైరయ్యారు, కొందరు పోయారు. మిగిలింది నేనొక్కదాన్నే.

"అంత పాతదాన్ని ఎవడు ముట్టుకుంటాడమ్మా? దాని భాష వచ్చినవాడే లేడు" అని మా పెద్దాఫీసరు ప్రతి మీటింగులోనూ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పాతది కాబట్టి భద్రం అనుకోవడంకంటే పిచ్చితనం ఇంకోటి లేదు. ఎవరికీ తెలియని ఇంట్లోకి దొంగ దూరితే, దూరాడని కూడా ఎవరికీ తెలియదు. ఎవడో ఒకడు కూర్చుని మూడు స్టేషన్ల నుంచి వంద మిల్లీమీటర్లు పడిందని కొట్టాడనుకోండి. ఎండ కాస్తుండగా గేట్లు లేస్తాయి. కింద ఏట్లో బట్టలుతుక్కునేవాళ్ల సంగతి ఏమిటి? వాన నిజంగా పడుతుంటే సున్నా అని కొట్టాడనుకోండి, అది ఇంకా ఘోరం. ఇదంతా చెబితే "మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తారు మేడమ్" అని టీ తెప్పించేవాడు.

కొత్త వ్యవస్థ వస్తోంది, పాత యంత్రాన్ని అప్పగించే ముందు ఆడిట్ చెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది. అందులో మొదటి పని, ఎన్ని యూజర్ ఐడీలు ఇంకా బతికున్నాయో జాబితా తియ్యడం. తీశాను. ఒక ఐడీ దగ్గర నా వేలు ఆగిపోయింది.

అది అరకు దాటి ఇంకా లోపలికి ఉన్న ఒక కొండ స్టేషన్‌లో వాన కొలిచే పెద్దాయనది. టెర్మినళ్లు పెట్టిన కొత్తలో నేనే స్వయంగా ఆ కొండలన్నీ ఎక్కి అందరికీ లాగిన్లు ఇచ్చి వచ్చాను కాబట్టి ఆయన ముఖం లీలగా గుర్తుంది. బక్కపలచని మనిషి, కళ్లజోడుకి ఒకవైపు దారం కట్టుకున్నాడు. నేను చెప్పిన ప్రతి ముక్కా పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన పోయి అయిదేళ్లు. పోయిన కబురు ఆఫీసుకి వచ్చింది, మేడమీద సంతాపం కూడా చదివారు. ఆ ఐడీ తీసెయ్యండి అన్న కాగితం మాత్రం కింది అంతస్తుకి దిగలేదు.

అది కాదు నన్ను ఆపింది. పోయిన నాలుగేళ్లలో ఆయన నాలుగుసార్లు లాగిన్ అయ్యాడు.

ఏడాదికి ఒకే ఒక్కసారి. ఒక సంవత్సరం మార్చి చివర, ఇంకో సంవత్సరం ఏప్రిల్ నడుమ, ఒకసారి మే మొదటివారం. ప్రతిసారీ అదే కొండ స్టేషన్ నుంచి, పొద్దున ఎనిమిదిన్నర దరిదాపుల్లో. లోపలికి రావడం, ఒక్క రికార్డు ఎక్కించడం, బయటికి పోవడం. రెండు నిమిషాల పని. రోజూ వచ్చేవాడైతే బద్ధకస్తుడు, ఎవరి ఐడీయో వాడుకుంటున్నాడు అనుకోవచ్చు. ఏడాదికి ఒక్కసారి, తేదీ మార్చి మార్చి వచ్చేవాడు వేరే రకం. తలుపు ఇంకా తెరుచుకుంటోందా లేదా అని తట్టి చూసి పోతున్నాడన్నమాట. ఏదో ఒక ఏడు తట్టడంతో ఆగడు. నేను ఆ జాబితా మీద ఎర్ర పెన్నుతో నాలుగు సున్నాలు చుట్టి పైకి పట్టుకెళ్లాను.

పెద్దాఫీసరు మొదటిసారి నవ్వడం మానేశాడు. "అక్కడ ఉండేది ఇద్దరే కదా. ఇన్‌చార్జి ఒకడు, ఔట్‌సోర్సింగ్ ఆపరేటరమ్మాయి ఒకత్తె. మీరే వెళ్లండి. ఎవరో తేలిస్తే మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ మిగతాది ఏమిటో నాకు తెలుసు. ఇన్‌చార్జికి పర్మినెంటు ఉద్యోగం, ఒక మెమోతో సరిపోతుంది. ఆపరేటర్‌ని తీసెయ్యడానికి ఒక్క ఫోను చాలు.

ఏప్రిల్ మొదట్లో అరకు రైలు దిగి, జీపులో గంటన్నర పోయాను. ప్రింటర్ బాగుచెయ్యడానికి వచ్చానని చెప్పాను. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు ముళ్లకంచె వేసిన గజం జాగాలో రెయిన్‌గేజి, దాని వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. వాన చుక్క లేదు. ఆకుల మీద ఎర్రదుమ్ము పేరుకుని ఉంది.

ఇన్‌చార్జి విజయనగరం వైపు మనిషి, నలభై దాటినవాడు. గంటకోసారి కాఫీ ఇచ్చేవాడు. ఫ్యాను నావైపు తిప్పేవాడు. ఇంత మర్యాద దేనికి అని నాకు అతని మీద మొదటిరోజే అనుమానం. ఆపరేటరు పక్క ఊరి కొండజాతి మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. ముక్కుకి రెండువైపులా చిన్న పుడకలు, బిగించిన కొప్పు. రోజూ మూడు మైళ్లు నడిచి వచ్చేది. ఈమె మాట్లాడదు. ఇంత మౌనం దేనికి అని ఆమె మీద రెండోరోజు అనుమానం. నాతో ఇదే చిక్కు, మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే.

"నీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?" అని మాటల్లో పెట్టి అడిగాను.

"ఎవులికి సెప్తానమ్మా? ఎవులూ అడగనేదు" అంది.

ఎంత తెలివైన జవాబో అనుకున్నాను. అడిగితే చెప్పేదా అని లోపల ప్రశ్న వేసుకుని, దాన్ని ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా.

ఆమె దినచర్య నాకు కంఠతా వచ్చేసింది. పొద్దున్నే వచ్చి ఆకాశం కేసి చూసేది. గేజి మూత తీసి, లోపల ఏమీ లేకపోయినా కొలతగ్లాసు పెట్టి వంచి చూసేది. సున్నా అని తన ఐడీతో ఎక్కించేది. తరవాత సొరుగులోంచి ఒక పుస్తకం తీసి అందులో ఏదో గీసేది. నేను లేచి ఆవైపు నడిస్తే మూసేది.

నాలుగోరోజు ఆమె బిందె తీసుకుని ఊటనీళ్లకి దిగినప్పుడు నేను ఆ సొరుగు తెరిచాను. చెబుతుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు లేదు. డ్యూటీ అనుకున్నాను. బైండు చేసిన పాత పుస్తకం, పక్కన దారం కట్టిన కళ్లజోడు. పుస్తకం నిండా పెద్దాయన చేతిరాతలో తేదీలు, వాన అంకెలు. ఆయన రాత ఆగిపోయినచోట నుంచి ఆమె రాత మొదలైంది. పోయినవాడి పుస్తకం, పోయినవాడి కళ్లజోడు ఈమె సొరుగులో ఎందుకున్నాయి? పోయినవాడి ఐడీ ఎక్కడుందో ఇంకా వెతకాలా? పేజీలు తిప్పి చూసే ఓపిక కూడా లేకపోయింది. దొరికిపోయింది అనుకుని సొరుగు మూసేసి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆమె తెచ్చిన నీళ్లే తాగాను.

ఇక కావలసింది చేత్తో పట్టుకోవడమే. ప్రింటర్‌కి ఏదో పార్టు రావాలని అబద్ధం చెప్పి ఇంకో వారం ఉండిపోయాను. అబద్ధం చెబుతున్నది నేనొక్కదాన్నే అన్న సంగతి తట్టలేదు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం మూడింటికి ఉన్నట్టుండి చీకటి కమ్మి, ఈదురుగాలి లేచి, వడగళ్లు పడ్డాయి. రేకుల మీద ఆ చప్పుడుకి మా మాటలు మాకే వినబడలేదు. ఇన్‌చార్జి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపి తడుపుకున్నాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె ముఖంలో నవ్వు అప్పుడే చూశాను. దానికీ ఒక అర్థం వెతికాను.

మర్నాడు ఆమె రోజూకంటే ముందే వచ్చింది. తలస్నానం చేసింది, జుట్టు ఇంకా ఆరలేదు. పెట్టెలో దాచుకున్నదేమో, మడతలు నలగని చీర కట్టింది. చేతిలో అడ్డాకు దొప్ప. తిన్నగా గేజి దగ్గరికి వెళ్లి, కొలతగ్లాసులో నీళ్లు వంపి, కళ్లకి సమానంగా ఎత్తి చూసింది. రోజూ కొలిచిన నీళ్లు విసిరి పారబోసే మనిషి, ఆ రోజు దొప్పలో పోసి, సిల్వర్ ఓక్ మొదట్లో దించింది. లోపలికి వచ్చి టెర్మినల్ ముందు కూర్చుంది.

నేను గదిలోనే ఉన్నాను. రెండు గజాల దూరంలో. తెర నా ఎదురుగా ఉంది. ఆమె నావైపు చూసింది కూడా. చూసి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పోయిన పెద్దాయన ఐడీ కొట్టింది. తరవాత పాస్‌వర్డ్. తెర తెరుచుకుంది. వాన, పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఎంటర్ నొక్కింది.

నేను లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఇంకో చేత్తో విశాఖపట్నం ఫోను కొట్టాను. సిగ్నల్ ఉండీ లేనట్టుండే ఆ కొండలో ఆ రోజు ఒక్క రింగుకే పెద్దాఫీసరు ఎత్తాడు. "దొరికింది సార్. ఆపరేటరే. నా కళ్లముందే చేసింది" అన్నాను. "శభాష్" అన్నాడు. నా గొంతులో గర్వం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. అడగాల్సిన మాట ఆ తరవాత అడిగాను.

"ఎందుకు చేశావు ఈ పని?"

ఆమె నా చేతికేసి, దానిలో ఉన్న తన చేతికేసి చూసింది. "ఏటమ్మా? ఏటి సేసినాను?"

"చచ్చిపోయిన మనిషి పేరుతో లోపలికి వెళ్లావు."

"తొలివాన కదమ్మా" అంది. అదే జవాబు అన్నట్టు ఆగింది. నాకు అర్థం కాలేదని చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "మా ఇళ్లకాడ మావిడి కొత్త, సామ కొత్త, సిక్కుడు కొత్త అని సేత్తామమ్మా. ఏ పంట ఒచ్చినా ముందల పోయినోళ్లకి పెడతాం. అప్పుడే మేం నోట్లో ఏసుకుంతాం. పెట్టకుండా తినకూడదు. ఈ ఆపీసుల పండేది ఏటి? వానే కదా. తొలివాన ఆయన పేరున ఎక్కించి, మిగతా ఏడంతా నా ఐడీల ఎక్కించుకుంతాను."

"ఆయన మీ చుట్టమా?"

"కాదమ్మా. కిందనుంచి ఒచ్చినోరు. నాకు పని నేర్పినోరు. ఒక మిల్లీమీటరు తేడా రాసినా తిట్టేవోరు. ఆయనకి ఇక్కడ ఇంకెవులూ నేరు."

నేను చెయ్యి వదిలేశాను. ఇన్‌చార్జి కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో భయం లేదు, వింత ఉంది. "ఇదేటండీ, ఇది మీకు తెలీదా? ఏటేటా నెల రిపోర్టులో నేనే రాసి పంపుతున్నాను కదండీ, తొలివాన ఫలానా తారీకున, పెద్దాయన పేరున ఎక్కించడమైనది అని. మీరు చూసే ఉంటారనుకున్నాం. ఒద్దని ఎవరూ రాయలేదు."

ఆ రిపోర్టులు మా ఆఫీసులో ఎవరూ తెరవరు. నేనూ తెరవలేదు. ఆ నాలుగు తేదీల రికార్డులు కూడా నేను తెరిచి చూడలేదు. ఆ పూటే కూర్చుని చూశాను. ప్రతి తేదీకి ముందు వారాల తరబడి సున్నా, సున్నా, సున్నా. తరవాత ఒక అంకె. స్కూలుపిల్లకి చూపించినా ఆ రోజు మొదటి వాన పడిందని చెబుతుంది. ఎవరు వచ్చారన్నదే చూశాను గానీ, వచ్చి ఏం రాశారన్నది చూడలేదు. నిజమైన వాన, నిజమైన అంకె, నాలుగేళ్లూ ఒక్క మిల్లీమీటరు తేడా లేదు.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది. నాలాంటిది దాన్ని వదులుతుందా? "పాస్‌వర్డ్ ఎవరు చెప్పారు నీకు? ఆయన చెప్పాడా?"

"మీరే కదమ్మా" అంది.

సొరుగులోంచి పుస్తకం తీసి వెనక అట్ట లోపలివైపు చూపించింది. పసుపు పచ్చబడిన చీటీ, మైదాతో అతికించి ఉంది. చేతిరాత నాది. పైన పాస్‌వర్డ్. కింద ఒక గీత గీసి రెండు ముక్కలు: "అన్ని స్టేషన్లకూ ఇదే. దయచేసి మార్చవద్దు."

అప్పటి రోజులు గుర్తొచ్చాయి. టెలిఫోన్ తీగల మీద లైను నిమిషానికోసారి తెగేది. పాస్‌వర్డ్ మారుస్తుండగా తెగితే ఐడీ బిగుసుకుపోయేది, దాన్ని విప్పడానికి నేను కొండెక్కాల్సి వచ్చేది. రెండుసార్లు ఎక్కి విసుగెత్తి, కొండ స్టేషన్లకి పాస్‌వర్డ్ గడువు లేకుండా ప్రోగ్రాములో ఒక్క లైను రాసి పడేశాను. తాత్కాలికం అనుకున్నాను. తరవాత లైన్లు బాగుపడ్డాయి, తీగలు పోయి టవర్లు వచ్చాయి, ఆ ఒక్క లైను మాత్రం అక్కడే ఉంది. టెర్మినల్ ముందు కూర్చుని మిగతా అయిదు స్టేషన్ల ఐడీలు ఒక్కొక్కటే కొట్టాను. అదే మాట. అన్నీ తెరుచుకున్నాయి. ఇంటి తాళం నాలుగుసార్లు లాగే మనిషిని, ఆరు కొండల తలుపులు బార్లా తెరిచి ముప్పై ఏళ్లు నిద్రపోయాను.

వెంటనే మళ్లీ ఫోను చేశాను. రింగు వెళ్లింది, ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తాడు. అంతా చెప్పాను, చీటీ సంగతితో సహా. "సరే సరే, అది టెక్నికల్ మ్యాటర్, తరవాత చూద్దాం. మనిషి దొరికింది కదా" అన్నాడు. "సార్, దొరకాల్సిన మనిషి ఆమె కాదు" అన్నాను. లైను తెగిందో ఆయన పెట్టేశాడో తెలియదు. పెట్టేశాడనే నా అనుమానం.

విశాఖపట్నం వచ్చి రిపోర్టు రాశాను. మొదటి పేజీలో నా తప్పు, నా పేరు, ఆ ఒక్క లైను నంబరుతో సహా రాశాను. రెండో పేజీలో ఆమె సంగతి. ఇప్పటికీ అంటాను, ఆమె చేసింది కూడదు. ఒకరి ఐడీ ఇంకొకరు వాడకూడదు, బతికున్నవాళ్లదైనా పోయినవాళ్లదైనా. కానీ ఆమె దాచలేదు, అంకె మార్చలేదు, ఆమెను ఆ పనిలోనే ఉంచాలి అని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ ఎవరు చదివారో నాకు తెలియదు. నాకంటే ముందు నా ఫోను చేరిపోయింది. నేను రైలు దిగేలోపే ఆమెను తీసెయ్యమని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి కబురు వెళ్లిపోయింది. నా తప్పుకి పెట్టిన పేరు "పాత వ్యవస్థ పరిమితి". ఆమె చేసినదానికి పెట్టిన పేరు "ఐడీ దుర్వినియోగం". నాకు అప్రమత్తతకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. దాన్ని చింపుదామనుకున్నాను. చింపలేదు, బీరువాలో ఉంది.

వదిలిపెట్టలేదు నేను. మూడుసార్లు మేడెక్కాను. మూడోసారి గొంతు పెంచాను కూడా. "మీకేం బంధువా మేడమ్ ఆవిడ?" అన్నాడు పెద్దాఫీసరు. కొండమీద నేనడిగిన ప్రశ్నే. కింది అంతస్తుకి దిగి, ఆ ప్రోగ్రాములో నా ఒక్క లైను తీసేశాను. ఆరు పాస్‌వర్డ్‌లూ మార్చాను. చివరికి పెద్దాయన ఐడీ తెరిచి, తీసెయ్యమంటావా అని యంత్రం అడిగితే అవునని కొట్టాను. రెండోసారి అడిగింది. రెండోసారీ అవునన్నాను.

మరుసటి ఏడు మే నెలలో, రిటైరవడానికి కొన్నాళ్ల ముందు, సొంత పనిమీద వెళ్తున్నట్టు సెలవు పెట్టి ఆమె ఊరు వెళ్లాను. ఎందుకు వెళ్లావని అడిగితే క్షమాపణకి అని చెబుతాను. నిజానికి ఆమె నన్ను తిడుతుందేమో, తిడితే కొంచెం తేలికవుతుందేమో అని కూడా వెళ్లాను. వాకిట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, పీట వేసింది. ఇంటి పక్క మామిడిచెట్టు నిండా కాయలు పచ్చబారి వేలాడుతున్నాయి. దాహంగా ఉందన్నాను.

"మావిడికాయ పెడుదును గానీ, ఇంకా కొత్త అవనేదమ్మా. వచ్చే లచ్చివారం సేత్తాం. అప్పటిదాకా ముట్టకూడదు" అని గ్లాసుతో చోడి అంబలి, అదే రాగిజావ, తెచ్చి ఇచ్చింది.

నేను చెప్పదలుచుకున్నదంతా చెప్పాను. ముందు ఫోను చేసి తరవాత అడిగానని, చీటీ నాదేనని, రిపోర్టు రాశాను గానీ ఎవరూ వినలేదని. చెబుతుంటే ఏడుపు వచ్చింది. ఆమె చింతగింజలు గుప్పిట్లోంచి చేటలోకి వదులుతూ వింది. నా మాటలు నమ్మిందో లేదో ముఖంలో తెలియలేదు. నమ్మకపోతే ఆమె తప్పు కాదు. "ఇంత దూరం ఒచ్చినారు, ఎండన పడి" అంది, అంతే. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. తిట్టలేదు.

కాసేపటికి తనే అడిగింది. "ఈ ఏడు వాన ఎప్పుడు పడిందమ్మా ఆపీసుకాడ?"

"ఏప్రిల్ పదిరోజులయ్యాక."

"ఎవులి పేరున ఎక్కించినారు?"

"కొత్త ఆపరేటర్ పేరున."

"మరి ఆయనకి?"

"ఆ ఐడీ లేదు. నేనే తీసేశాను."

ఆమె చేతులు ఆగాయి. నావైపు చూసింది. పోయిన ఏడు ఆ గదిలో, నేను మణికట్టు పట్టుకున్నప్పుడు కూడా ఆమె నన్ను అలా చూడలేదు. అప్పుడు నాకేదో తెలియలేదనుకుంది, విడమరచి చెప్పింది. ఇప్పుడు నాకు తెలుసు.

"అయితే ఆయనకి పెట్టకుండానే తినేసినారన్నమాట" అంది.

గ్లాసులో అంబలి ఇంకా సగం ఉంది. నేను తాగలేకపోయాను.